వాన ఎక్కువే కురిసింది, మరి కుళాయి ఎందుకు ఎండింది?

విజయనగరం పూల్‌బాగ్ నుంచి ఒక సోదరి మూడు ప్రశ్నలు అడిగారు. నిరుడు వర్షపాతం మామూలు కంటే ఎక్కువని పత్రికలు రాశాయి, అయినా ఏప్రిల్ వచ్చేసరికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు ఎందుకు వచ్చాయి? వానాకాలంలో, ఏరు నిండుగా పారుతున్నప్పుడే బురద నీళ్లు రావడం, రెండేసి రోజులు సరఫరా ఆగిపోవడం ఏమిటి? పెరట్లో మూసేసిన పాత బావి ఉంది, దాని పక్కన బోరు వేయిద్దామని ఇంట్లో అంటున్నారు, వేయించమంటారా?

నేను ముప్పై ఏళ్లకు పైగా మంచినీటి సరఫరా పనిలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే గడిచింది. మీ మూడు ప్రశ్నలకూ వేరు ఒక్కచోటే ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అమ్మా, వానల్లో ముసురు వేరు, కుండపోత వేరు. ముసురంటే మీ పెద్దవాళ్లకు బాగా తెలుసు. ఆరుద్ర నుంచి మఖ, పుబ్బ కార్తెల దాకా విడతలు విడతలుగా పట్టి, ఒక్కోసారి నాలుగైదు రోజులు ఎడతెరిపి లేకుండా సన్నగా కురుస్తూ, తీగ మీద బట్టలు ఆరనివ్వని వాన. విసుగు పుట్టించే ఆ వానే ఊరికి నీళ్లు తాగిస్తుంది. నేల ఒక గంటలో తాగగలిగింది కొంతే. సన్నగా కురిస్తే కురిసినదంతా తాగుతుంది. ఆ గంటలోనే కుమ్మరిస్తే తాగినంత తాగి మిగతాది వాలుకు వదిలేస్తుంది. పది సెంటీమీటర్ల వాన పది రోజుల్లో కురిసినా, రెండు గంటల్లో కురిసినా వర్షమాపకంలో అంకె ఒక్కటే. మొదటిది కొండ కడుపులోకి ఇంకి, ఊటలై, గెడ్డలనే కొండవాగులై, మాఘ ఫాల్గుణాల దాకా కొద్దికొద్దిగా దిగుతూ ఉంటుంది. రెండోది మర్నాటికి సముద్రంలో ఉంటుంది.

మన రెండు జిల్లాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపల, మిగిలిన దానిలో ఎక్కువ అక్టోబరు, నవంబరు తుపానుల్లో. ఈ మొత్తం ఒక ఏడు పెరుగుతుంది, ఒక ఏడు తగ్గుతుంది. నన్ను కలవరపెట్టేది వాన పడే తీరు. ముసురు తగ్గింది, కుండపోత పెరిగింది, రెండు వానల నడుమ ఎండ విరామం సాగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. మోసినదంతా ఒక్కచోట దించిందంటే ఏమవుతుందో ఇప్పుడు కళ్లారా చూస్తున్నాం. విరామాల సంగతికి 2023 ఆగస్టు చాలు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. నాట్లు నిలదొక్కుకునే నెలలో చెరువులు నెర్రెలు విచ్చాయి.

ఇక మీ ఊరి నీళ్లు ఎక్కడివి? విజయనగరానికి గోస్తని ఒడ్డున ముషిడిపల్లి నుంచి, చంపావతి మీద నెల్లిమర్ల, రామతీర్థం పథకాల నుంచి నీళ్లు వస్తాయి. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, భీమునిపట్నం దగ్గర కడలిలో కలుస్తుంది. చంపావతి ఆండ్ర దగ్గరి కొండల్లో పుట్టి కోనాడ దగ్గర కలుస్తుంది. రెండూ పొట్టి ఏరులే. గోదావరిలా వెనక నుంచి నెలల తరబడి నీరు తోసుకొచ్చే నదులు కావు. కొండల్లో ఉదయం వాన పడితే రాత్రికి ఏరు పొంగుతుంది, మూడో నాటికి తీస్తుంది. శ్రీకాకుళానిది నాగావళి. ఒడిశా కొండల్లో పుట్టి సుమారు 256 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది కాస్త పెద్దదే, కానీ దాని నీటిని తేల్చేది శ్రీకాకుళంలో పడే వాన కన్నా ఎగువన రాయగడ వైపు పడే వాన. 2017 జూలైలో రాయగడ జిల్లాలో ఆకస్మిక వరద వచ్చి రైలు వంతెనలు కొట్టుకుపోయాయి. అటువంటి వాన నది నిండుగా నీరు తెస్తుంది, ఒడ్డున ఉన్న ఊరికి మాత్రం పెద్దగా మిగల్చదు.

ఎంత మిగల్చదో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జనం సుమారు 2,28,000. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది పట్టణాలకు పెట్టుకున్న ప్రమాణం. అంటే రోజుకు మూడు కోట్ల లీటర్ల పైచిలుకు. ప్రవాహంగా చూస్తే ఇది పదమూడు క్యూసెక్కులు (సెకనుకు పదమూడు ఘనపుటడుగులు) కూడా కాదు. పదివేల క్యూసెక్కుల వరద ఒక్క గంటసేపు పారిందనుకోండి, అందులో వెళ్లిపోయే నీరు ఆ జనానికి ముప్పై రోజులకు పైగా సరిపోతుంది. మన ఏరుల్లో అంతకు మించిన వరదలు గంటలు కాదు, రోజులు పారడం నేను చూశాను. నిరుడు మామూలు కంటే ఎక్కువ కురిసిందన్న వార్త నిజమే. ఆ ఎక్కువలో చాలా భాగం ఇలా గంటల్లో దాటిపోయిన నీరు. ఏప్రిల్‌లో మీ కుళాయిలో రావలసింది ఆగస్టు ముసురు.

ఈ నీటిని ఆపి ఉంచేవి మూడు: కొండ మీది మట్టి, చెరువులూ జలాశయాలూ, ఏటి ఇసుక. మొదటి రెండింటి గురించి అందరూ మాట్లాడుతారు. మూడోదాని గురించి నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన పట్టణాలకు అసలైన మంచినీటి తొట్టి అదే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మే నెలలో, నాగావళి పడకలో నడుచుకుంటూ మా ఊట బావి దగ్గరకు వెళ్తున్నాను. చుట్టూ నిప్పుల్లాంటి ఇసుక. ఒక పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో చెలమ తవ్వుతోంది. మోచేయి లోతు తవ్వగానే ఇసుక రంగు మారింది, మరో జానెడు తవ్వగానే అడుగున నీరు ఊరింది. మొదట ఊరిన మట్టి నీటిని కొబ్బరి చిప్పతో రెండుసార్లు తోడి పారబోసి, కాసేపు ఊరుకుంది. మూడోసారి ఊరిన నీళ్లు గాజులా ఉన్నాయి. వాటిని చిప్పతోనే కొద్దికొద్దిగా ముంచి, బిందె మీద పరిచిన గుడ్డలోంచి పోసింది. మేము లక్షలు పెట్టి చేసేదీ సరిగ్గా ఇదే. ఇసుకలోకి పెద్ద కాంక్రీటు బావి దించి, అడుగున చుట్టూ రంధ్రాల గొట్టాలు పరిచి, ఊరిన నీటిని మోటారుతో ఊళ్లోకి తోస్తాం. ఇసుక నీటిని దాస్తుంది, వడగడుతుంది, ఎండకు ఆవిరి కాకుండా కప్పి ఉంచుతుంది. వేసవిలో తెరిచి ఉన్న చెరువు రోజుకు అర సెంటీమీటరుకు పైగా ఎండకు పోగొట్టుకుంటుంది. రెండడుగుల ఇసుక కింద ఉన్న నీటిని ఎండ దాదాపు తాకలేదు.

ఒక ఘనమీటరు ఇసుకలోంచి రెండు వందల లీటర్లకు పైగా నీరు తోడుకోవచ్చు. ట్రాక్టరు తొట్టికి మూడు ఘనమీటర్ల ఇసుక పడుతుందనుకుంటే, ఒక్కో ట్రాక్టరు వెళ్లినప్పుడల్లా ఆరేడు వందల లీటర్లు దాచుకునే చోటు వెళ్లిపోయినట్టు. ఆ చోటు ఆ ఒక్క ఏడాదికి కాదు, వరదలు తిరిగి ఇసుక తెచ్చి పోసేదాకా ఖాళీయే. పైన ఆనకట్టలు ఉన్న నదికి అంత ఇసుక అంత త్వరగా రాదు. ఏటి పడక దిగిపోతే ఊట బావి చుట్టూ నీటిమట్టమూ దిగిపోతుంది, బావి మాత్రం పైనే ఉండిపోతుంది. నా కాలంలోనే ఊట బావుల గొట్టాలు గాలిలో వేలాడడం చూశాను. ముసురు తగ్గిన కాలంలో ఇసుకే మనకు ఆధారం. సరిగ్గా ఈ కాలంలోనే దాన్ని ఎత్తుకుపోనిస్తున్నాం. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ బాధే.

జలాశయాల గురించి క్లుప్తంగా. గోస్తని మీద గంట్యాడ మండలంలో తాటిపూడి ఉంది, దాని నుంచి విశాఖపట్నానికి కూడా మంచినీళ్లు వెళ్తాయి. కాబట్టి కరువు ఏడాది గోస్తని నీటికి రెండు ఊళ్లు, ఆయకట్టు రైతులు, అందరూ చేతులు చాస్తారు. చంపావతి మీద ఏళ్ల తరబడి సాగుతున్న తారకరామ తీర్థసాగరం పూర్తయితే మీ ఊరికి పెద్ద ఊరట. అయితే కుండపోతల కాలంలో జలాశయం నడపడమూ కష్టమైంది. సెప్టెంబరులో నింపి ఉంచితే అక్టోబరు తుపానుకు ఒక్కసారిగా గేట్లు ఎత్తవలసి వస్తుంది, దిగువ ఊళ్లు మునుగుతాయి. తుపాను కోసం ఖాళీ ఉంచితే, ఆ తుపాను మరో వైపు వెళ్లిపోతే, వేసవికి ఏమీ ఉండదు. పూర్వం వాన ఇంచుమించు తేదీలకు వచ్చేది, నింపే వేళ తెలిసేది.

ఇప్పుడు రెండో ప్రశ్న. నిండుగా పారే ఏటి పక్కన కుళాయి ఎందుకు ఆగుతుంది?

ఎండ విరామం తర్వాత వచ్చే కుండపోత ఎండి పొడైన మట్టినంతా ఒక్కసారిగా కడిగి తెస్తుంది. తాగే నీటిలో మసక 1 ఎన్‌టీయూకు (మసకను కొలిచే యూనిట్) మించకూడదని, వేరే దారి లేనప్పుడు 5 దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. వరద నీటిలో అది వందల్లో, కొన్నిసార్లు వేలల్లో ఉంటుంది. పటిక వేసి ఆ మట్టిని ముద్దలు కట్టించి, అడుగుకు దించి, తేటను ఇసుక పడకల మీద వడగట్టాలి. ఎంత పటిక వేయాలో ఊహతో వేయకూడదు. వరద రాత్రుల్లో మేము ఆరు గాజు పాత్రల్లో ఏటి నీరు పట్టి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక ద్రావణం కలిపి, ఒక నిమిషం జోరుగా, ఆపైన పావుగంట నిదానంగా తిప్పి, వెనక దీపం పెట్టి చూసేవాళ్లం. మొదట పొగమంచులా ఉంటుంది. తర్వాత గసగసాల్లా ముద్దలు పుడతాయి. సరైన పాత్రలో అవి సగ్గుబియ్యమంత అయి, బరువెక్కి, ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. పక్క పాత్రలో ఇంకా పొగమంచే. రెండింటికీ మోతాదులో తేడా చిటికెడు. తెల్లవారేసరికి ఏటి రంగు మారితే మళ్లీ మొదటినుంచీ చూడాలి.

ఒకసారి నేను తప్పు చేశాను. ఒక చిన్న పట్టణంలో, వరద రెండో రోజు, నీరు తేరుకోవడం లేదని పటిక పెంచుతూ పోయాను. కుండపోత నీటిలో సున్నపు గుణం తక్కువ. పటిక ఆ ఉన్న కొంచెం సున్నాన్నీ తినేస్తుంది. పటికతో పాటు సున్నం కూడా పెంచాలి, నేను పెంచలేదు. నీరు పులిసింది, పాత ఇనుప గొట్టాల తుప్పు ఊడింది, మూడు రోజులు ఊరంతా కుళాయిల్లో ఎర్రనీళ్లు. అద్దంలాంటి నీరు పంపానని నేను అనుకున్న రోజునే ఒక తల్లి చంటిబిడ్డ పాలసీసా తెచ్చి చూపించింది, అడుగున ఎర్రటి గార. ఆ సీసా ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. అప్పటినుంచి పటిక బస్తాల పక్కన సున్నం బస్తాలు లేకుండా వానాకాలంలోకి అడుగు పెట్టలేదు.

మసక మరీ పెరిగితే వడపోత పడకలు గంటల్లో పూడుకుపోతాయి. వాటిని కడగడానికి మళ్లీ మంచినీళ్లే కావాలి. అప్పుడు పంపింగు సగానికి తగ్గించడమో, కొన్ని గంటలు ఆపడమో తప్ప వేరే దారి ఉండదు. మీకు రెండు రోజులు నీళ్లు రాలేదంటే మీ ఊళ్లో ఎవరో బురద నీళ్లు పంపనని పట్టుబట్టి ఉండవచ్చు. అలా ఆపినవాళ్లను తిట్టకండి, ముందుగా ఎందుకు చాటింపు వేయలేదని మాత్రం గట్టిగా అడగండి. ఇక తుపాను వస్తే కరెంటు పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్, మూడూ మన తీరాన్నే తాకాయి. స్తంభాలు పడిపోయాయి, మోటార్లు ఆగాయి, ఏటి నిండా నీరున్నా జనరేటరు ఉన్న చోటే ట్యాంకు నిండింది.

సరఫరా ఆగి ఆగి రావడంలో మరో ప్రమాదం ఉంది. గొట్టంలో నీరు నిండుగా, ఒత్తిడితో ఉన్నంతసేపు బయటి మురికి లోపలికి రాదు. ఖాళీ అయిందంటే పగుళ్లలోంచి పక్కనున్న కాలువ నీటిని పీలుస్తుంది. దానికి తోడు కొందరు గొట్టానికే మోటారు బిగించి లాగుతారు, పీల్పు ఇంకా పెరుగుతుంది. అందుకే సరఫరా విరామాలు, అతిసారం జతగా వస్తుంటాయి. 2024 అక్టోబరులో మన జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి, అది ఎవరూ మరిచిపోకూడదు. ఆగి వచ్చిన నీటిని మొదటి రెండు బిందెలు మొక్కలకు పోయండి. తాగేవి బాగా మరిగించండి. చిటికెడు క్లోరిన్ వాసన వస్తే భయపడకండి. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. ఏ వాసనా లేని వానాకాలపు నీరే నన్ను ఎక్కువ కంగారు పెడుతుంది.

మూడో ప్రశ్నకు నా జవాబు సూటిగా: బోరు వేయించకండి. మన ప్రాంతంలో నేల కింద ఖోండలైట్ అనే గట్టి రాయి. పైన కుళ్లిన రాతి పొర ఉన్నంత మేరే నీరు, దాని కింద పగుళ్లు దొరికితే సన్న ధార, దొరక్కపోతే పొడి దుమ్ము. పగులు దొరికినా అందులోకి పైనుంచి నీరు ఇంకాలి కదా. ముసురు తగ్గాక ఇంకేది తక్కువ. మీరు మూడు వందల అడుగులు వేస్తే పక్కింటివారు నాలుగు వందలు వేస్తారు, ఉన్న పొర అందరికీ ఒక్కటే.

మీ పాత బావి మీకు దక్కిన ఆస్తి. అది ఆ కుళ్లిన రాతి పొరలోనే ఉంటుంది, నీరు ఊరేది అక్కడే. ఊళ్లో పెద్ద చెరువు, అయ్యకోనేరు వంటివి నిండుగా ఉన్న ఏడాది చుట్టుపక్కల బావుల మట్టం పైకి రావడం మీ పెద్దలు చూసే ఉంటారు. బావి తెరిపించండి. కానీ ఏళ్ల తరబడి మూసి ఉన్న బావిలో విషవాయువు చేరి ఉంటుంది, మామూలు కూలీలను దించవద్దు. అనుభవం, గాలి పరీక్షించే పరికరం ఉన్నవాళ్లే దిగాలి. దీని విషయంలో పైసాకు కక్కుర్తి పడకండి.

మీ మేడ పన్నెండు వందల చదరపు అడుగులు అన్నారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. ఆ లెక్కన ఏడాదికి మీ మేడ మీద లక్ష లీటర్లకు పైగా కురుస్తుంది. అందులో ఎనభై శాతం పట్టగలిగినా, అయిదుగురున్న ఇంటికి నాలుగు నెలల వాడకం. కుండపోత వాన నేలకు ఇంకదని కదా ఇంతసేపు చెప్పాను. మేడ మీద పడినప్పుడు మాత్రం అది వాలుకు పోకుండా మీ గొట్టంలోకే వస్తుంది, బావిలో దించితే అక్కడే నిలుస్తుంది. ఏటా మృగశిరకు ముందే మేడ తుడిపించండి. గొట్టానికి ఒక మళ్లింపు పెట్టించి మొదటి పది నిమిషాల వాన బయటికి వదిలేయండి, దుమ్మూ పక్షి రెట్టలూ దానితో పోతాయి. ఆ తర్వాతి నీటిని మూడడుగుల తొట్టెలోకి మళ్లించండి. అడుగున కంకర, దాని మీద బొగ్గు, పైన కడిగిన ఇసుక ఉండాలి. తొట్టె నుంచి వచ్చే నీరు బావిలోకి గొట్టం ద్వారా నీటిమట్టం దాకా దిగాలి, పైనుంచి దూకించవద్దు. సెప్టిక్ ట్యాంకు బావికి యాభై అడుగుల లోపల ఉంటే ఆ బావి నీరు వాడుకకే, తాగడానికి వద్దు. దూరంగా ఉన్నా తాగే ముందు పరీక్ష చేయించండి.

ఒక నైలాను తాడుకు అడుగుకొక ముడి వేసి, చివర చిన్న రాయి కట్టండి. ప్రతి ఆదివారం ఉదయం, మోటారు వేయకముందు, బావిలో నీరు ఎన్ని ముడుల లోతున ఉందో చూసి క్యాలెండరు మీద రాయండి. ఆ పక్కనే ఆ వారం ముసురా, కుండపోతా, ఎండా అని ఒక్క మాట. వచ్చే ఏప్రిల్‌లో ఆ క్యాలెండరు ఫోటో తీసి నాకు పంపండి, కుళాయి నీళ్లు ఎన్నాళ్లకొకసారి వస్తున్నాయో కూడా రాయండి. అప్పుడు రెండూ కలిపి చూద్దాం.